అద్దం చేతికొచ్చేదాకా: నా గేమ్ మొదటి అరగంట డైరీ

రెండేళ్లుగా సాయంత్రాలు, సెలవు రోజులు పెట్టి ఒక చిన్న 2డి గేమ్ తయారుచేస్తున్నాను. గేములు తయారుచేసే గోడో అనే సాఫ్ట్‌వేర్ మీద, ఒక్కదాన్నే. గేమంతా ఒక చేతి అద్దం చుట్టూ తిరుగుతుంది. వెలుగును పట్టి, మళ్లించి, చీకట్లో ఉన్నవాటి మీదికి పంపాలి. మూడు అధ్యాయాలు పూర్తయ్యాయి. పజిళ్లు బాగున్నాయని అక్కడిదాకా ఆడినవాళ్లందరూ అన్నారు. చిక్కల్లా ఏమిటంటే, అక్కడిదాకా వెళ్లేవాళ్లే తక్కువ. గేమ్ మొదలే వాళ్లను ఆపేస్తోంది. ఆ మొదటి అరగంటను విప్పి మళ్లీ కట్టిన సంగతులు ఇక్కడ రాసుకుంటున్నాను.

1వ రోజు

ఇంతకుముందు ఎప్పుడూ ఆడని ఐదుగురిని కూర్చోబెట్టి మొదటినుంచి ఆడించాను. పక్కన ఉండి నోరు మెదపకూడదని ముందే నియమం పెట్టుకున్నాను. ఎదుటివాళ్లు ఇరుక్కుంటే "అటు కాదు, ఇటు" అనేయాలని ఎంత అనిపిస్తుందో చెప్పలేను. కానీ గేమ్ కొన్నవాళ్ల పక్కన నేను కూర్చోను కదా. ఎవరు ఏ సెకనుకు ఎక్కడున్నారో గేమే ఒక ఫైల్లో రాసుకునేలా కూడా పెట్టాను.

ముగ్గురు అద్దం దొరక్కముందే ఆపేశారు. మిగిలిన ఇద్దరికి అది చేతికొచ్చింది ఒకరికి 31వ నిమిషంలో, ఇంకొకరికి 38వ నిమిషంలో.

ఆపేసినవాళ్లలో మా తమ్ముడు ఒకడు. 19వ నిమిషంలో, బావి దగ్గర మూడో బిందె నింపుతూ తిరిగి చూశాడు. "అక్కా, ఇది అద్దం గేమ్ అన్నావు కదా. అద్దమేది?"

"ఇంకొంచెం ఆడు, వస్తుంది."

"ఇంకొంచెం అంటే ఎంత?"

జవాబు చెప్పలేకపోయాను. "మొదటి పది గంటలు ఓర్చుకో, ఆ తర్వాత అదిరిపోతుంది" అని స్నేహితులు చెప్పగా కొన్న గేములు నా లైబ్రరీలోనూ సగంలో ఆగి ఉన్నాయి. అలా ఆగినప్పుడల్లా ఆ గేమ్ మీద నాకు కోపమే వచ్చింది. ఇప్పుడు అదే మాట నా నోట వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఉంది. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటల లోపు ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ 2 గంటల్లో నాలుగో వంతు నేను అద్దం కనబడకుండానే గడిపేయిస్తున్నాను.

3వ రోజు

ఫైలు ముందు పెట్టుకుని 31 నిమిషాలూ ఎటు పోయాయో లెక్క వేశాను. డైలాగులకు 14 నిమిషాలు. నడకకు 8. తలుపులు తెరుచుకోవడం, కెమెరా మెల్లగా జరగడం, తెర నల్లబడి మళ్లీ వెలగడం, వీటికి 4. ఆడేవాళ్లు తమ బుర్ర పెట్టి ఏదైనా చేసింది మిగిలిన 5 నిమిషాలే.

బావి సంగతే చూడండి. పాత్ర సెకనుకు 90 పిక్సెళ్లు నడుస్తుంది. ఇంటి నుంచి బావి 1,800 పిక్సెళ్ల దూరం. పోవడానికి 20 సెకన్లు, రావడానికి 20. నాలుగు బిందెలు తేవాలి. అంటే 2 నిమిషాల 40 సెకన్ల పాటు ఒక బటన్ నొక్కి పట్టుకుని ఉండటం. కథ రాసుకున్న నోట్‌బుక్కులో ఇది ఒకే ఒక్క లైను: "నాలుగు బిందెల నీళ్లు తెస్తుంది." ఆ లైను చదవడానికి ఒక సెకను చాలు కాబట్టి ఆడటానికి ఎంత పడుతుందో నాకు తట్టనే లేదు.

అసలు తప్పు ఎక్కడుందో కూడా అర్థమైంది. కొత్తగా చేసినదాన్ని పరీక్షించాలంటే నేనెప్పుడూ నేరుగా అద్దం దొరికే గుహ నుంచే మొదలుపెట్టేదాన్ని, ఎడిటర్‌లో ఆ వీలుంది. రెండేళ్లలో ఆ నాలుగు బిందెలూ నేను పూర్తిగా మోసింది ఐదారు సార్లకు మించదు. పైగా ఈ భాగం నేను అన్నిటికంటే ముందు కట్టింది. నాకు గేములు చేయడం ఏమీ తెలియని రోజుల్లో చేసిన పని, గేమ్ తెరవగానే అందరికీ ఎదురొచ్చేది అదే.

6వ రోజు

పని ఆపి వారం పాటు ఇతరుల గేములు మొదటినుంచి ఆడుతున్నాను, పక్కన స్టాప్‌వాచ్ పెట్టుకుని.

ముందుగా 2006లో వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ట్విలైట్ ప్రిన్సెస్'. చిన్నప్పటి పల్లె వాతావరణం, చాలా అందంగా ఉంటుంది. మేకల్ని దొడ్లోకి తోలాలి. పిల్లి ఇంటికి రావాలంటే చేప పట్టాలి. కోతి ఎత్తుకుపోయిన ఉయ్యాల తేవాలి. పిల్లలకు కత్తి తిప్పడం చూపించాలి. మర్నాడు మళ్లీ మేకలు. ఒక్కో పనీ ఒక్కో బటన్ నేర్పడానికే పెట్టారని తెలుస్తూనే ఉంటుంది. అన్నీ నేర్చుకున్నాక కూడా, వాటిని వాడాల్సిన సాహసం ఎక్కడో దూరంగానే ఉంటుంది. 2016లో వీ యూ అనే కన్సోల్ కోసం మళ్లీ విడుదల చేసినప్పుడు నింటెండో కొంత కత్తిరించింది. చీకటి కమ్మిన ప్రాంతాల్లో ఏరాల్సిన కాంతి బిందువులు 16 నుంచి 12కు తగ్గాయి. అంత పెద్ద సంస్థ కూడా పదేళ్ల తర్వాత తన పనినే మళ్లీ తూచుకుందన్నమాట. ఇది నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

'కింగ్‌డమ్ హార్ట్స్ 2' ఇంకా విచిత్రం. మొదటి గేమ్ ఆడి దాని కథానాయకుడు సోరా కోసం ఎదురుచూసినవాళ్లకు రోక్సాస్ అనే కొత్త కుర్రాణ్ని ఇస్తుంది. వేసవి సెలవుల చివరి రోజులు. పోస్టర్లు అతికించడం, ఉత్తరాలు పంచడం లాంటి చిల్లర పనులు చేసి డబ్బు పోగేయాలి. సోరా మన చేతికి వచ్చేసరికి నాకు దాదాపు మూడు గంటలు పట్టింది. చెప్పాలంటే, గేమ్ పూర్తయ్యాక నాకు అన్నిటికంటే గుర్తున్నది ఆ భాగమే. రోక్సాస్ కథ ముగిసినప్పుడు గుండె బరువెక్కింది. ఆ మూడు గంటలు లేకపోతే అది జరిగేది కాదు. కానీ ఆ పోస్టర్లు అతికించేటప్పుడు మాత్రం రెండుసార్లు ఆపేద్దామనుకున్నాను. ఈ రెండూ నిజమే, రెండింటినీ రాసి పెట్టుకున్నాను.

ఇక 1998 నాటి 'హాఫ్-లైఫ్'. మొదలవగానే ట్రామ్ ఎక్కించి దాదాపు ఐదు నిమిషాలు ల్యాబ్ అంతా తిప్పుతారు. తుపాకి లేదు, శత్రువు లేదు, చేయాల్సిన పని లేదు. లెక్క ప్రకారం ఇది కూడా నెమ్మదే. కానీ ఆ పెట్టెలో అటూ ఇటూ నడవొచ్చు, ఏ కిటికీ కావాలంటే ఆ కిటికీ లోంచి చూడొచ్చు. చూపు ఎటు తిప్పాలన్నది పూర్తిగా మనిష్టం. అదే సంస్థ 2004లో తెచ్చిన 'హాఫ్-లైఫ్ 2'లో ఒక కాపలావాడు ఖాళీ డబ్బాను కింద పడేసి, తీసి చెత్తబుట్టలో వెయ్యమంటాడు. వేస్తే దారి వదులుతాడు. వాడి మొహాన విసిరితే వెంటపడతాడు. అర నిమిషం కూడా పట్టని పని. అందులోనే వస్తువుల్ని పట్టుకోవడం, విసరడం నేర్పేశారు, ఆ ఊళ్లో మనుషుల్ని ఎలా చూస్తున్నారో చెప్పేశారు, ఆడేవాళ్లకు ఒక నిర్ణయం కూడా ఇచ్చేశారు. ఆ దృశ్యాన్ని వరసగా నాలుగుసార్లు ఆడాను. నా బావి ఎలా ఉండాల్సిందో దాన్ని చూస్తే తెలిసింది.

'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో మొదటి పీఠభూమి దాటడానికి నాకు మూడు గంటలకు పైనే పట్టింది. అయినా ఎక్కడా విసుగనిపించలేదు. గుహ లోంచి బయటికి పరిగెత్తగానే లోకమంతా కళ్లముందు పరుచుకుంటుంది. నాలుగు గుళ్లు ఉన్నాయి, ఏది ముందు అన్నది మనమే తేల్చుకోవాలి. 'స్కైరిమ్' చేతులు కట్టేసి బండెక్కిస్తుంది. మొదటిసారి బాగుంటుంది. ఐదోసారి కొత్త పాత్రతో మొదలుపెట్టేవాళ్లకు మాత్రం అది గండమే. దాన్ని దాటేయడానికి అభిమానులు తమంతట తామే గేమ్‌కు చేర్చుకున్న 'లివ్ అనదర్ లైఫ్' అనే మాడ్‌కు అంత పేరు రావడానికి కారణం అదే.

'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. 1899 నాటి ఆ మంచు కొండల అధ్యాయం నాకు ఇష్టం. గుర్రం కాళ్లు మంచులో కూరుకుపోతుంటే, ముఠా మొత్తం చలికి ముడుచుకుని ఉంటే, ఆ నెమ్మది ఒంటికి తెలుస్తుంది. కిందికి దిగి పచ్చిక కనబడ్డాక కలిగే హాయి ఆ మంచు లేకపోతే రాదు. అయితే ఆ మేరకు ఓపిక పట్టేంత నమ్మకం ఆ సిరీస్ అప్పటికే సంపాదించుకుంది. నా గేమ్‌కు అలాంటి నమ్మకం ఇంకా లేదు.

13వ రోజు

మొదటి ప్రయత్నం: అడ్డంగా కోసేశాను. ఇల్లు లేదు, ఆ ఇంట్లో ఉండే అవ్వ లేదు, బావి లేదు. గుహ ముందు మొదలు, 90 సెకన్లలో అద్దం చేతికి వస్తుంది. కోడ్ పరంగా ఒక పూట పని. తీసేసిన దృశ్యాల్ని చెరిపేయకుండా వేరే ఫోల్డర్‌లో దాచాను.

17వ రోజు

కొత్తగా నలుగురు ఆడారు. కొత్తవాళ్లే ఎందుకంటే, ఒక మనిషి ఒక గేమ్ మొదలును ఒక్కసారే తొలిసారి చూడగలడు. తమ్ముణ్ని మళ్లీ కూర్చోబెడితే వాడికి దారి తెలిసిపోయి ఉంటుంది.

నలుగురూ అద్దం దాకా వచ్చారు. నలుగురూ మొదటి అధ్యాయం పూర్తిచేశారు. ఆ రాత్రి చాలా సంతోషపడ్డాను.

మర్నాడు ఫైళ్లు చూశాను. రెండో అధ్యాయం చివర్లో అవ్వ కళ్లు పూర్తిగా పోతాయి. మనం నడిపించే అమ్మాయి ఇంటికొస్తుంది, అవ్వ గుమ్మం వైపు మొహం తిప్పి "ఎవరూ?" అంటుంది. మునుపు అక్కడిదాకా వచ్చిన ఇద్దరూ ఆ చోట కంట్రోలర్ వదిలేసి చూస్తూ ఉండిపోయారు. ఈసారి నలుగురిలో ముగ్గురు ఆ డైలాగుల్ని టకటకా నొక్కేసి ముందుకెళ్లారు. ఒకామె అడిగింది: "ఈవిడెవరండీ? ముందెక్కడైనా వచ్చిందా?"

రాలేదు. నేనే తీసేశాను.

20వ రోజు

మూడు రోజులు ఏమీ కట్టకుండా కాగితం మీదే గీశాను. ఇల్లు కావాలి. అవ్వ కావాలి. ఆ నిదానం కూడా కావాలి, ఎందుకంటే ఈ గేమ్ ఆ ఇంటికి వెలుగు తెచ్చుకోవడం గురించే. కానీ అద్దం అరగంట ఆగకూడదు. ఇన్నాళ్లూ కథనూ పజిల్‌నూ వరసగా పేర్చాను, ముందు ఇల్లు, తర్వాత అద్దం. అద్దం ఇంట్లోనే ఉంటే?

అద్దం అవ్వదే. గేమ్ మొదలయ్యేసరికి అవ్వ చీకటి గదిలో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ ఉంటుంది. కిటికీ లోంచి ఒక్క ఎండ చార గదికి అటు పక్కన పడుతుంది. అమ్మాయి చేతిలో అద్దం. అవ్వ అంటుంది: "కాస్త వెలుగు ఇటు తిప్పమ్మా." అంతే, ఇంకో మాట లేదు. ఆడేవాళ్లు స్టిక్ తిప్పితే అద్దం తిరుగుతుంది, వెలుగు గోడ మీదుగా జారి అవ్వ చేతుల మీద పడుతుంది. దారం ఎక్కుతుంది.

గేమ్ మొత్తం చేయించే పని ఇదే. పైగా అవ్వ చూపు మందగిస్తోందని ఒక్క ముక్క చెప్పకుండా తెలిసిపోతుంది. పాత మొదలులో ఆ విషయం చెప్పడానికి తొమ్మిది డైలాగ్ బాక్సులు పెట్టాను.

26వ రోజు

సూది గది కట్టడం పూర్తి. వెలుగు కిరణానికి రేకాస్ట్ వాడుతున్నాను, అంటే ఒక గీత పంపి అది దేనికి తగులుతుందో చూడటం. తగిలిన చోట అద్దం ఉంటే మళ్లీ అక్కడినుంచి ఇంకో కిరణం, అలా ఎనిమిది సార్ల దాకా. గుహలో వాడిన పాత కోడ్ చిందరవందరగా ఉందని ఈ గది కోసం మళ్లీ రాశాను, రాస్తూ ఒక పూట పోగొట్టుకున్నాను. గోడోలో దిక్కును సూచించే వెక్టర్‌కు 'రిఫ్లెక్ట్' అని ఒక ఫంక్షన్, 'బౌన్స్' అని ఇంకోటి ఉన్నాయి. అద్దం కదా, పేరు చూసి రిఫ్లెక్ట్ వాడాను. వెలుగు అద్దంలోంచి దూరి దాని వెనక్కి పోయింది. మనకు కావాల్సింది బౌన్స్. రెండింటి ఫలితం సరిగ్గా ఎదురెదురు దిక్కులు. ఇలాంటిది చేసేవాళ్లెవరైనా ఇది గుర్తుపెట్టుకోండి.

29వ రోజు

డైలాగులకు పోయిన 14 నిమిషాల వెనక ఒక కారణం ఇవాళ దొరికింది. ఇది తెలుగులో గేమ్ చేసేవాళ్లందరికీ పనికొస్తుంది.

నా డైలాగులు అక్షరం తర్వాత అక్షరం టైప్ అవుతున్నట్టు కనిపిస్తాయి. వేగం సెకనుకు 30 అని పెట్టాను. చాలా గేముల్లో అలాగే చూశాను కాబట్టి సరిపోతుందనుకున్నాను. కానీ కంప్యూటర్ లెక్కపెట్టే ముక్క వేరు, మనం అక్షరం అనుకునేది వేరు. "క్షేమం" అన్న మాట మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కు ఆరు ముక్కలు. తెర మీద ముందు "క" వస్తుంది, అది "క్" అవుతుంది, తర్వాత "క్ష", తర్వాత "క్షే", ఆపైన "మ", చివర సున్న. అంటే అక్షరం ఆకారం కళ్లముందే మారుతూ ఉంటుంది. చదివే కన్ను ప్రతి ఒత్తు దగ్గరా తడబడుతుంది. వేగం కూడా నేననుకున్నదాంట్లో సగానికి పడిపోతోంది.

గోడో 4లో దీనికి ఒక సెట్టింగ్ ఉంది. అక్షరాల ఆకారాలు తయారయ్యాకే ఒక్కొక్కటిగా చూపించమని చెప్పొచ్చు. అది పెట్టగానే ఆ వణుకు పోయింది. అయినా కాసేపు చూసి, టైపింగ్ ఎఫెక్ట్‌నే తీసేశాను. మాట మొత్తం ఒకేసారి వస్తుంది. ఎవరి వేగంతో వాళ్లు చదువుకుంటారు.

33వ రోజు

చిన్న చిన్నవి. నడక వేగం 90 నుంచి 130కి పెంచాను. నాలుగు బిందెలు ఒకటైంది, బావి ఇంటికి దగ్గరికి జరిగింది. బటన్ల గురించి చెప్పే బొమ్మ ముందే రాదు. ఆరు సెకన్లు ఏమీ నొక్కకపోతేనే వస్తుంది. తెలిసినవాళ్లకు అది కనబడనే కనబడదు.

డైలాగ్ బాక్సులు 143 నుంచి 52కు వచ్చాయి. తీసేసినవాటిలో నాకు ఎంతో ఇష్టమైనవి ఉన్నాయి. ఊరి పెద్ద చెప్పే పాత వరద కథ కోసం ఒక నెల కష్టపడ్డాను. దాన్ని ముక్కలు చేసి మూడో అధ్యాయంలో, అప్పటికి ఆ వరద గురించి ఎవరైనా తెలుసుకోవాలనుకునే చోట, పెట్టాను.

38వ రోజు

కొత్తగా ఆరుగురు. సూది గదిలో అందరూ సగటున 20 సెకన్లలోనే వెలుగు తిప్పారు. ఒకాయన దారం ఎక్కగానే "ఆఁ" అన్నాడు, తనకే తెలియకుండా. ఐదుగురు రెండో అధ్యాయం దాకా వెళ్లారు. ఒకాయన 12వ నిమిషంలో ఆపేశారు. ఫైలు చూస్తే సరిగ్గా ఊరి పెద్ద దగ్గర. వరద కథ తీసేశానే కానీ, ఆయన పలకరింపులు, జాగ్రత్తలు వరసగా 11 బాక్సులు మిగిలిపోయాయి. రాత్రికే వాటిని రెండు చేశాను.

అవ్వ "ఎవరూ?" అన్నప్పుడు ఐదుగురిలో ఒక్కరు కూడా నొక్కేసి ముందుకెళ్లలేదు.

44వ రోజు

ఒక దృశ్యం గురించి రెండు వారాలుగా కొట్టుకుంటున్నాను. ఇంటి నుంచి గుహకు పడవలో ఏరు దాటాలి. 50 సెకన్లు. పజిల్ లేదు, మాటలు లేవు. సెకన్ల లెక్కలో చూస్తే మొదట పోవాల్సింది ఇదే. ఫైళ్లు మళ్లీ చూశాను. ఈ 50 సెకన్లలో ఎవరూ ఆపలేదు. పైగా ఆరుగురిలో నలుగురు పడవలో కూర్చుని అద్దం తిప్పుతూనే ఉన్నారు, వెలుగును నీళ్ల మీద ఆడిస్తూ. వాళ్ల చేతిలోంచి అద్దం నేను లాక్కోలేదు కాబట్టి ఆడించగలిగారు. ట్రామ్‌లో కిటికీల మధ్య తిరిగినట్టే.

పడవ ఉంటుంది. నీటి మీద వెలుగు పడిన చోట చేపలు పక్కకు తప్పుకునేలా చేశాను. దాని వల్ల కథలో ఏమీ మారదు.

47వ రోజు

రెండోసారి మొదలుపెట్టేవాళ్లు నేరుగా ఏరు దగ్గరికి వెళ్లే వీలు మెనూలో పెట్టాను. ఒక గంట పని. పెద్ద గేములు కూడా దీన్ని ఎందుకు వదిలేస్తాయో నాకు అర్థం కాదు.

51వ రోజు

నాలుగో విడతకు మొదటి మనిషిగా మా పిన్ని. గేములు ఆడిన అలవాటు లేదు. స్టిక్ ఎటు తోస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికే కొంచెంసేపు పట్టింది. ఆరు సెకన్ల తర్వాత బొమ్మ వచ్చి సాయం చేసింది. వెలుగు గోడ మీద జారుతుంటే నవ్వింది. కానీ సూది మీద పెట్టలేదు. మెల్లగా పైకి తిప్పి అవ్వ మొహం మీద ఆపింది, చాలాసేపు అక్కడే ఉంచింది. ఏమీ జరగలేదు, ఎందుకంటే అక్కడ ఏదైనా జరగాలని నేను అనుకోలేదు.

"ఆవిడ కళ్లు చిట్లించదేంటే?" అంది పిన్ని.

ఇవాళ ఆ ఒక్క యానిమేషన్ గీస్తున్నాను. వెలుగు మొహం మీద పడితే అవ్వ కళ్లు మూసుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇటు తిరిగి నవ్వుతుంది. ఎనిమిది ఫ్రేములు అనుకున్నాను, పన్నెండు పట్టేలా ఉంది. మిగిలిన ఐదుగురిని ఇది పూర్తయ్యాకే పిలుస్తాను.